కాయని చెట్టుకు పూచీ

గడ్డివామి కొట్టుకుపోయిన వరద తర్వాత వచ్చిన మాఘమాసం అది. ఏ ఏడు అని అడిగితే ఆ ఊళ్ళో అలాగే చెబుతారు. నైజాంలో గోల అణిగిన ఏడని చదువుకున్నవాళ్ళు అంటారు గాని, ఊరికి వరదే గుర్తు. ఆ వానాకాలం వాగు పొంగి వీరయ్య గడ్డివామిని చెక్కు చెదరకుండా ఎత్తుకుపోయి దిగువ ఊరి గట్టున దింపింది. వామి చెంపలో పొదుగుతున్న కోడి గుడ్లమీంచి లేవలేదు. వామి మాదంటే మాదని రెండు ఊళ్ళవాళ్ళూ తగువుకు కూర్చుంటే, వీరయ్య పిలిచిన పిలుపుకు కోడి బదులు పలికింది. పెద్దలు కోడి సాక్ష్యం మీద తీర్పు చెప్పారు. అప్పటినుంచి పెళ్ళయినా పురుడైనా ఆ వరదకు ముందా తర్వాతా అనే లెక్క.

ఆ మాఘంలో మామిళ్ళు విరగబూశాయి. నూజివీడు నుంచి విస్సన్నపేట పోయే దారి పొడుగునా ఆకు కనపడకుండా పూత. తేనెటీగల మోత ఊళ్ళోకి వినిపించేది. శ్రీరాములు శెట్టిగారి తోటలో రసాలూ బంగినపల్లులూ అన్నీ పూశాయి. ఒక్క బావిపక్క చెట్టు తప్ప. అది ఎవరో తిని పారేసిన టెంకకు మొలిచింది. ఏపుగా పెరిగింది, గుబురుగా కొమ్మలు వేసింది, ఒక్క ఏడూ పూత ఎరగదు. దాన్ని ఊరంతా మొండిది అనేవారు.

ఆ తోటకు కాపలా గంగరాజు. తెల్లారింది మొదలు పొద్దుపోయేదాకా అతను మాట్లాడిన మాటలు మూటగడితే గుప్పెడు రావు. పిలిస్తే తిరిగి చూస్తాడు. చెబితే వింటాడు. చెయ్యాల్సింది చేస్తాడు. పొగరని కొందరు అనుకునేవారు. పొగరు కాదు. మాట నోటిదాకా వచ్చేసరికి ఎదుటివాళ్ళు ఇంకో సంగతిలోకి వెళ్ళిపోయేవారు.

ఇంట్లో అతని తరఫున మాట్లాడేది కోడలు కనకం. కాపురానికి వచ్చిన కొత్తలో ఆ పిల్ల భయపడింది. మావగారికి తనంటే గిట్టదేమో అనుకుంది. తర్వాత కిటుకు కనిపెట్టింది. అడగడమూ తనే, జవాబు చెప్పడమూ తనే.

"మావయ్యా, పులుసులో ఉప్పు సరిపోయిందా? సరిపోయిందంట అత్తయ్యా. బెల్లమే రవ్వంత ఎక్కువైందంట."

గంగరాజు కంచంలోంచి తల ఎత్తేవాడు కాదు. బెల్లం ఎక్కువైన మాట మాత్రం నిజం.

"మావయ్య ఈ పంచె మారుస్తారా, మార్చరా? మారుస్తారంట. ఇటియ్యండి, ఉతికేస్తాను."

గంగరాజు పంచె మార్చుకునేవాడు. అతను అనుకున్నది ఆ పిల్ల నోట తప్పకుండా వచ్చేది. ఇరుగుపొరుగు వాళ్ళు కూడా గంగరాజును అడగాల్సింది కనకాన్ని అడగడం మరిగారు.

ఆ మాఘంలోనే ఒకనాటి సాయంత్రం గంగరాజు ఇంటికి వచ్చేసరికి వసారాలో రేకుపెట్టె కనిపించింది. కనకం కాపురానికి వచ్చినప్పుడు తెచ్చుకున్న పెట్టె. వచ్చిన నాటినుంచీ అటకమీదే ఉంది. ఇప్పుడు అటక కింద నిచ్చెన వేసి ఉంది, పెట్టె దిగింది, కనకం తడిగుడ్డతో దాని మూతమీది దుమ్ము తుడుస్తోంది. మూతమీద పచ్చరంగు చిలక ఒకటి. తుడిచిందే తుడుస్తోంది.

అతను కాళ్ళు కడుక్కున్నాడు. కనకం చెంబు అందించింది. ఏమీ అడగలేదు. కంచం పెట్టింది. ఏమీ అడగలేదు. ఆ పూట పులుసులో అసలు ఉప్పే లేదు. ఆ సంగతి చెప్పడానికి ఎవరూ లేకపోయారు.

భార్య అచ్చమ్మ గుమ్మానికి ఆనుకుని కూర్చుని మొదలుపెట్టింది.

"మా వదిన నాగేంద్రమ్మ ఆదివారం వస్తోంది విస్సన్నపేట నుంచి. తాంబూలాలు పుచ్చుకుందామనుకున్నాం. మా అన్న కూతురే, పరాయిదేం కాదు. అన్న పోయాక పిల్లని చూసేవాళ్ళెవరు? మన పున్నారావుకి చేసుకుంటే ఇద్దరికీ దారి దొరుకుతుంది. కనకం వాళ్ళ నాన్న సోమవారం పొద్దున్నే బండి కట్టుకుని వస్తాడు. కొన్నాళ్ళు ఉంగుటూరులో పుట్టింట్లో ఉంటుంది." ఒకసారి ఆగి గొంతు తగ్గించింది. "నేనేం రాక్షసినా? వెళ్ళగొడుతున్నానా? కావాలంటే మళ్ళీ వస్తుంది. ఇన్నేళ్ళయింది, కడుపు పండలేదు. రేపు మనం పోతే ఈ ఇంట్లో ఎవరుంటారు?"

కొడుకు బసవపున్నారావు పెరట్లో ఎద్దు పలుపు ముడి విప్పుతున్నాడు, మళ్ళీ వేస్తున్నాడు. అప్పటికి రెండుసార్లు వేశాడు.

"ఏరా, నువ్వేమంటావు?" అంది అచ్చమ్మ.

"అమ్మ ఎట్టా అంటే అట్టాగే" అన్నాడు వాడు ముడితో.

"మరి నువ్వు?" అని మొగుణ్ణి అడిగింది.

అడిగి, అలవాటు కొద్దీ కనకం వైపు చూసింది. గంగరాజు కూడా అలవాటు కొద్దీ అటే చూశాడు. తను ఏమంటాడో ఆ పిల్ల చెబుతుందని.

కనకం గోడవైపు తిరిగి గిన్నె తోముతోంది. బూడిద పోసి, పీచుతో, అడుగు ఊడిపోయేలా తోముతోంది.

గంగరాజు కంచంలో చెయ్యి కడిగేసుకున్నాడు.

"సరే అన్నట్టేగా" అంది అచ్చమ్మ.

మర్నాడు తోటలో పొగ పెట్టాలి. మంచు పడితే పూతకు జిగురు పట్టి మాడిపోతుంది. కింద ఎండాకు పోసి, అది అంటుకున్నాక పైన పచ్చి వేపమండలు కప్పాలి. మంట లేవకూడదు, పొగ మాత్రం నేలబారుగా పాకి కొమ్మల్లోకి ఎక్కాలి. గంగరాజు ఒక్కొక్క వరసలో కుప్పలు పేర్చుకుంటూ పోతుంటే, కనకం గంపతో ఎండాకు తెచ్చి పోస్తోంది. ఏ ఏడాదైనా ఆ పనిలో ఆ పిల్ల మాటలకు అంతుండదు. చిలకలతో మాట్లాడుతుంది, చీమలతో మాట్లాడుతుంది, మావయ్య పేరు చెప్పి అందరికీ జవాబులిస్తుంది. ఈసారి గంప దించిన చప్పుడూ, ఎత్తిన చప్పుడూ, అంతే.

ఏదో ఒకటి అందామని గంగరాజు నోరు తెరిచాడు. గాలి తిరిగి పొగంతా లోపలికి పోయింది. దగ్గు తెరలు తెరలుగా వచ్చింది. కనకం పరిగెత్తుకెళ్ళి ముంతతో నీళ్ళు తెచ్చింది.

"మావయ్యా, ఇప్పుడు..." అని ఆగిపోయింది.

మిగతాది చెబుతుందేమోనని అతను ముంత పట్టుకుని నిలబడ్డాడు. ఆ పిల్ల గంప తీసుకుని వెళ్ళిపోయింది.

మధ్యాహ్నం శెట్టిగారి గుర్రబ్బండి వచ్చింది. నూజివీడు బజారులో శ్రీరాములు గారిది పెద్ద మండీ. మనిషి సరదా అయినవాడు, తోటకు వస్తే అందరినీ నవ్వించి గాని వెళ్ళడు. దిగీ దిగగానే పూతంతా చూసి మురిసిపోయాడు. బావి దగ్గరికొచ్చి ఆగాడు.

"ఏంటిది? ఈ మొండిది ఈ ఏడూ అంతేనా?"

"అంతేనండీ" అన్నాడు వీరయ్య. వామి పోగొట్టుకుని తెచ్చుకున్న వీరయ్యే. తోటలో పాదులు తవ్వే పని అతనిది. గంగరాజుకి బావ వరస. "ఆకులు మాత్రం పెళ్ళి పందిరికి సరిపోతాయండీ."

"ఆదివారం మందలింపు పెట్టండి. ఈసారి తేలిపోవాలి. పూచీ పడేవాడు ఉంటే ఉంచుదాం, లేకపోతే కొట్టేసి బంగినపల్లి అంటు నాటుకుంటాను."

మందలింపు ఆ ఊరి వేడుక. కాయని చెట్టును జనం ముందు నిలదీస్తారు. ఒకడు గొడ్డలి పట్టుకుని తిట్టి నరికేస్తానంటాడు. పూచీ ఎవరని ముమ్మారు అడుగుతాడు. మూడోసారికి ఇంకొకడు అడ్డం వచ్చి, చెట్టుమీద చెయ్యి వేసి, వచ్చే ఏడు కాస్తుంది, నాది పూచీ అంటాడు. గొడ్డలి దిగుతుంది. దెబ్బ తగిలినచోట సున్నం రాస్తారు, బెల్లం కొబ్బరి పంచుకు తింటారు. చెట్టు భయపడుతుందో లేదో తెలియదు గాని, జనానికి నవ్వుకోవడానికి ఒక పూట దొరుకుతుంది. ఒక్కటి మాత్రం నవ్వులాట కాదు. అందరి ముందు పడిన పూచీని ఆ ఊళ్ళో ఎవరూ వెనక్కి తీసుకోరు, ఎవరూ తోసెయ్యరు.

"పూచీ ఎవరు? ఎప్పటిలాగా సువర్ణరాజేనా?" అన్నాడు శెట్టిగారు.

"వాడికి గవదబిళ్ళలండీ. దవడలు రెండూ బూరెల్లా పొంగినాయి. నోరు తెరిస్తే కెవ్వుమంటున్నాడు."

శెట్టిగారు చుట్టూ చూశాడు. పొగ కుప్పమీద వేపమండ సర్దుతున్న గంగరాజు కనిపించాడు. కళ్ళు మెరిశాయి.

"మన గంగరాజు ఉండగా ఇంకొకళ్ళెందుకోయ్!"

అందరూ ఒక్కసారి గొల్లున నవ్వారు. "సెట్టిగారూ, తెల్లారిపోతుందండీ" అన్నాడు వీరయ్య. "ఈయన నోరు తెరిచేలోపు చెట్టే జాలిపడి కాస్తుంది."

"ఒక్క ముక్కేగా. ఆ మాత్రం అనలేవా?"

గంగరాజు తలాడించాడు. ఔననో కాదనో ఎవరికీ తెలియలేదు.

"ఔనంట" అని వీరయ్యే చెప్పేశాడు. తర్వాత కేకేశాడు. "కనకం! మీ మావయ్యకి నేర్పించవే ఆ ముక్క. ఆదివారానికి నోట్లో పడాలి."

శనివారం నాడు కనకం బెల్లం కొడుతూ కూర్చుంది. మందలింపు పంపకానికి. గంగరాజు పక్కన తాటినారతో తాడు పేనుతున్నాడు. పాదం బొటనవేలికి తగిలించి, అరచేతుల మధ్య దొర్లిస్తూ, వెనక్కి జరుగుతూ.

"వీరయ్య బాబాయి నేర్పించమన్నాడు" అంది కనకం. "అనండి మావయ్యా. వచ్చే ఏడు కాస్తుంది, నాది పూచీ."

గంగరాజు తాడు పేనుతూనే ఉన్నాడు.

"వచ్చే ఏడు..." అంది మళ్ళీ. బెల్లం మీద దెబ్బ ఆపింది. "వచ్చే ఏడు కాస్తుందని మీకెట్టా తెలుసు మావయ్యా?"

అతను తల ఎత్తాడు.

"తెలియదులే" అని తనే జవాబు చెప్పింది. ఇన్ని రోజులకు అతని తరఫున పలికిన మాట అదొక్కటే. చెప్పి, బెల్లం ముక్కలు పళ్ళెంలోకి ఏరుకుంది.

గంగరాజు ఆ తాడు చీకటిపడేదాకా పేనాడు. అంత తాడు దేనికని అచ్చమ్మ అడిగింది. గంగరాజు ఇంకో నార అందుకున్నాడు.

ఆదివారం తోటంతా జనం. పూత వాసనకు తోడు బెల్లం వాసన. సువర్ణరాజు కూడా దవడలకు తుండుగుడ్డ చుట్టుకుని వచ్చి కూర్చున్నాడు, నవ్వు వచ్చినప్పుడల్లా చెంపలు పట్టుకుని ఏడుస్తున్నాడు. నాగేంద్రమ్మ విస్సన్నపేట నుంచి దిగింది. ఆమె చేతిలో ఇత్తడి పళ్ళెం, పళ్ళెంలో తమలపాకులూ వక్కలూ. మందలింపు అయ్యాక ఇంటికెళ్ళి పుచ్చుకోవాలని అచ్చమ్మతో అనుకుంది. బెల్లం పళ్ళెం పట్టుకుని కనకం అందరికంటే వెనక నిలబడింది.

వీరయ్య కచ్చ బిగించి గొడ్డలి భుజాన వేశాడు. చెట్టు చుట్టూ తిరిగాడు.

"ఏమే మొండిదానా! బండెడు ఎరువు తిన్నావు. బావి పక్కన చేరి వంగకుండా నీళ్ళు తాగావు. ఒళ్ళు పెంచావు. సిగ్గుందా? నీ పక్కన అంట్లు చూడు, మొన్న మొన్న నాటినవి, పూత మొయ్యలేక వంగిపోయాయి. నీకేం రోగమే?"

జనం నవ్వారు. సువర్ణరాజు చెంపలు పట్టుకున్నాడు.

"ఒక్క కాయ ఇచ్చావా? పచ్చడికైనా ఒక్క పిందె ఇచ్చావా? ఇంకెన్నాళ్ళు చూడమంటావే నీకేసి?"

వీరయ్యకు ఏ దురుద్దేశమూ లేదు. ఏటేటా తిట్టే తిట్లే అవి. గంగరాజు మాత్రం జనం తలల మీదుగా వెనక్కి చూశాడు. కనకం పళ్ళెం కొద్దికొద్దిగా కిందికి దిగుతోంది. చివరికి పొట్టకు ఆనించుకుని, పైన పైట కప్పింది.

వీరయ్య గొడ్డలి ఎత్తి బెరడుమీద తగిలీ తగలకుండా ఒకటి వేశాడు. "దీనికి పూచీ ఎవరన్నా ఉన్నారా?"

ఎవరూ పలకలేదు. పలకకూడదు. రెండోది వేశాడు. "ఉన్నారా?"

పైన కొమ్మలో కాకి ఒకటి లేచిపోయింది.

"మూడోది వేస్తున్నా! పూచీ ఎవరు?"

గంగరాజు ముందుకు వచ్చాడు. చెట్టుమీద చెయ్యి వేశాడు. జనమంతా మెడలు సాచారు. అతను గొంతు సవరించుకున్నాడు. ఎక్కడో ఎవరో ముసిముసిగా నవ్వి ఆపుకున్నారు.

"కాయకపోయినా నాది పూచీ" అన్నాడు గంగరాజు.

వీరయ్య గొడ్డలి గాల్లోనే ఉంది. దింపాలో ఎత్తాలో అతనికి తెలియలేదు.

"బావా, అట్టా కాదు" అన్నాడు గుసగుసగా. "వచ్చే ఏడు కాస్తుంది అనాలి."

"అది నాకు తెలియదు."

"తెలియక్కర్లేదు బావా! అనాలి, అంతే."

"తెలియంది ఎట్టా అంటాను? కాస్తే కాసింది. కాయకపోయినా ఇది ఇక్కడే ఉంటుంది. దానికి నేను పూచీ."

అన్ని మాటలు ఒక్కసారిగా అతని నోటివెంట ఎవరూ వినలేదు. వీరయ్య శెట్టిగారి వైపు తిరిగాడు. "ఏం చెయ్యమంటారండీ? చెయ్యి లాగుతోంది."

"ఏమోయ్ గంగరాజూ," అన్నాడు శెట్టిగారు నవ్వుతూనే. "కాయని చెట్టుతో నాకేం పనోయ్?"

గంగరాజు రెండో చేత్తో నీడలోకి చూపించాడు, అంతే. శెట్టిగారి గుర్రాన్ని బండినుంచి విప్పి ఆ చెట్టు కిందే కట్టేశారు. తోటంతా ఎండ కాస్తుంటే అది ఆ గుబురు నీడలో మూడు కాళ్ళమీద నిలబడి కునుకు తీస్తోంది. దాని పక్కనే శెట్టిగారి కండువా, చెప్పులు, మరచెంబు.

జనం ఘొల్లున నవ్వారు. "గుర్రం కూడా పూచీ పడిందండోయ్!" అని ఎవరో అరిచారు. "అప్పుడు కోడి, ఇప్పుడు గుర్రం!" అన్నారు ఇంకొకరు. సువర్ణరాజు నవ్వలేక, నవ్వు ఆపుకోలేక తుండుగుడ్డ నోట్లో కుక్కుకున్నాడు. శెట్టిగారు నవ్వీ నవ్వీ కళ్ళు తుడుచుకుని, "దించరా వీరయ్యా, దించు. పూచీ అంటే పూచీయే" అన్నాడు.

గంగరాజు ఇంకా చెట్టుమీంచి చెయ్యి తియ్యలేదు.

"నేను బతికుండగా దీన్నెవరూ కదపరు" అన్నాడు. అప్పుడతను చెట్టును చూడలేదు. అచ్చమ్మను చూశాడు.

ముందు ఆడవాళ్ళకు తెలిసింది. నవ్వు ఒక్కొక్కరి దగ్గరే ఆగుతూ వచ్చింది. తలలు వెనక్కి తిరిగాయి, పైట కింద పళ్ళెం దాచుకుని నిలబడ్డ కనకం వైపు. తర్వాత నాగేంద్రమ్మ పళ్ళెం వైపు. నాగేంద్రమ్మ గబుక్కున తమలపాకుల మీద కొంగు కప్పింది. పున్నారావు చెవులు ఎర్రబడ్డాయి.

వీరయ్యకు అందరికంటే ఆలస్యంగా తెలిసింది. గొడ్డలి దించి, దాన్ని ఎక్కడ దాచాలో తెలియక వీపు వెనక పెట్టుకున్నాడు. "అయ్యో, నేను చెట్టునే తిట్టానమ్మా" అన్నాడు కనకంతో. దానికి మళ్ళీ అందరూ నవ్వారు, ఈసారి మెత్తగా.

పూచీ పడ్డవాడే ముందు బెల్లం తినాలి. కనకం జనంలోంచి వచ్చి పళ్ళెం పట్టింది.

"తీసుకోండి మావయ్యా."

తీసుకున్నాడు.

"తియ్యగా ఉందా?" అని అడిగింది. అడిగింది గాని జవాబు ఆమెకే రాలేదు.

"ఉంది" అన్నాడు గంగరాజు తనే.

ఇంటికెళ్ళే దారిలో అచ్చమ్మ విసురుగా ముందు నడిచింది. వెనక నాగేంద్రమ్మ ఆయాసపడుతూ వచ్చింది.

"నన్నొక్క మాట అడిగాడా వదినా? ఊరందరి ముందు!" అంది అచ్చమ్మ.

"పోనీలే వదినా" అంది నాగేంద్రమ్మ. నాలుగడుగులు వేసి మళ్ళీ అంది. "నీతో చెప్పకేం. మా పిల్ల ఈ సంబంధం మాట విన్నప్పటినుంచీ అన్నం ముట్టడంలేదు. కనకం అక్క పెట్టె నా చేత దింపిస్తారా అని ఒకటే ఏడుపు. నీ మొహం చూసి కాదనలేక ఈ ఆకులు మోసుకొచ్చాను. వాడిపోతున్నాయి, వేసుకుందామా?"

అచ్చమ్మ ఆగిపోయింది. వదిన మొహంలోకి చూసింది. ఇద్దరూ ఆ దారి పక్కనే గట్టుమీద కూర్చుని, తాంబూలానికి తెచ్చిన ఆకులు సున్నం రాసుకుని నమిలారు. అచ్చమ్మ కాసేపు ఏడ్చింది. తర్వాత గుర్రం మాట గుర్తొచ్చి నవ్వింది. "మా ఆయన! సెట్టిగారికి ఎదురు చెప్పాడు, విన్నావా?" అంది.

కాని ఇంటికొచ్చాక పెట్టె ఊసు ఆమె ఎత్తలేదు. మనసు మార్చుకున్నానని ఎలా చెప్పాలో ఆమెకు తెలియలేదు. చెప్పకుండా తన పెట్టె తాను ఎలా సర్దుకోవాలో కనకానికీ తెలియలేదు. పెట్టె వసారాలోనే ఉండిపోయింది. పొద్దున్నే ఉంగుటూరు బండి వస్తుంది.

సోమవారం తెల్లవారుతూనే గంగరాజు లేచాడు. రేకుపెట్టె ఒక కొస పట్టుకుని ఎత్తబోయాడు. రెండో కొస దానంతట అదే లేచింది. చూస్తే పున్నారావు. నిచ్చెన ఎక్కి పెట్టెను అటకమీద, గోడకు ఆనేదాకా లోపలికి తోశారు. పచ్చ చిలక చీకట్లో కలిసిపోయింది. అప్పుడు గంగరాజు నిచ్చెన తీసి భుజాన వేసుకుని, శనివారం పేనిన తాడు చుట్ట మెడలో వేసుకుని తోటకు నడిచాడు. పున్నారావు వాసాలు మోసుకుంటూ వెనకే వెళ్ళాడు.

కాపలా మంచె మొండిదాని మీద కట్టారు. ఊగే కాయ లేదు కనుక రాలిపడేదీ లేదు, గుబురు కనుక ఎండా తగలదు. మంచె ఎక్కడానికి నిచ్చెనను మొదలుకు చేర్చి, గంగరాజు తాటినార తాడుతో బిగించాడు. చుట్టు మీద చుట్టు, ముడి మీద ముడి, తాడంతా అయ్యేదాకా.

"మామా, పిందైనా కట్టలేదు, అప్పుడే మంచె ఏంటి?" అని దారినపోయేవాళ్ళు అడిగారు. "పూతను కాస్తావా?"

గంగరాజు ముడి లాగి చూసుకున్నాడు.

కాసేపటికి అచ్చమ్మ చద్దికుండతో వచ్చింది. వెనక కనకం మజ్జిగ ముంతతో వచ్చింది. అచ్చమ్మ నిచ్చెనను చూసింది, ముళ్ళను చూసింది. మూతి బిగించుకుంది గాని పెదవుల చివర నవ్వు నిలవడంలేదు.

"ఉంగుటూరు బండి వచ్చి గుమ్మంలో ఉంది" అంది. "నిచ్చెన ఇక్కడ కట్టేస్తే పెట్టె ఎట్టా దింపాలంట?"

గంగరాజు చద్దికుండ అందుకుని నీడలో కూర్చున్నాడు.

కనకం మజ్జిగ పోస్తూ, మావగారి మొహంలోకి ఒకసారి చూసింది.

"కాయలు కోసేదాకా దింపేది లేదంట అత్తయ్యా," అంది. "ఆ తర్వాత మళ్ళీ పూతకి మంచె కట్టాలంట. మా నాన్నను భోంచేసి వెళ్ళమంటున్నారు."

గంగరాజు మజ్జిగ తాగాడు.

"ఉప్పు సరిపోయిందంట" అంది కనకం.